పరాయి చెవి

మొన్న ఒక మధ్యాహ్నం ఆదోనిలో మా ఆఫీసు గదిలో కూర్చుని పాత రికార్డరులోని గొంతులన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఎక్కించడానికి వాటిని వినక్కరలేదు, మీట నొక్కి ఊరుకుంటే చాలు. కానీ బయట ఎండ. రోడ్డు మీద మనిషి లేడు. ఫ్యాను తిరిగీ తిరగనట్టుంది, నేనూ మెలకువలో ఉండీ లేనట్టున్నాను. ఏదో ఒక గొంతు మీద వేలు పడింది. మొదట మగ్గం చప్పుడు వచ్చింది. కాసేపు అలా ఆడి, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆగాక గది బయట ఎక్కడో ఒక పిచ్చుక, ఎవరివో గాజులు, చిన్న దగ్గు. తరువాత మా మేడమ్ గొంతు: "ఊఁ. ఇంగ సెప్పు నాయనా. తొందరేం లేదు." ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. పిల్లవాడు ఆలోచిస్తున్నాడు, ఆమె ఎదురుచూస్తోంది. పదకొండేళ్ల కిందటి ఎదురుచూపును అలా వింటూ ఉండిపోయాను. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

సుగుణమ్మ మేడమ్‌ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, బక్కగా ఉండేది. ఎప్పుడూ ఎమ్మిగనూరు నేత చీరే. దూరం నుంచి వస్తుంటే చీరే నడిచి వస్తున్నట్టు కనిపించేది. పక్క పల్లె బడిలో ముప్పై ఏళ్లు టీచరుగా చేసింది, ముప్పై ఏళ్లూ ఒకటో తరగతికే. ముక్కు కారే పిల్లలు, ఏడ్చే పిల్లలు అని మిగతావాళ్లు ఆ తరగతి అంటే పారిపోతుంటే ఈమె ఏటా అడిగి మరీ తీసుకునేదట. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక చిన్న సంస్థలో చేరింది. ఆ సంస్థ పని వినడానికి వింతగా ఉంటుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల మాట ఎంత స్పష్టంగా ఉందో మూడు నెలలకొకసారి కొలవడం. బియ్యం కొలుస్తారు, గుడ్డ కొలుస్తారు, మాటను కొలవడమేమిటని నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిది. డిగ్రీ పెట్టెలో ఉంది, ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు. ఏ పనైతేనేం అని చేరితే ఈమె కింద వేశారు.

మొదటి రోజు ఎమ్మిగనూరులో గోవిందప్ప అనే నేతగాడి ఇంటి వెనక గదిలో కూర్చున్నాం. ఆ గది ఎందుకంటే గోడలు మందం, రోడ్డు మోత రాదు. ముందు గదిలో మగ్గం మోత మాత్రం ఉంటుంది. మేడమ్ వాకిట్లో నిలబడి ఏమీ అడగకుండా ఆయన వైపు చూసేది. ఆయన నేతను బిగించే పలకతో ఆఖరి పోటు కొట్టి, కాళ్లు మగ్గం గుంటలోంచి పైకి తీసుకుని, "కానియ్యండమ్మా, నేను టీ తాగొస్తా" అని లేచేవాడు. పిల్లలు ఎంతమంది ఉంటే ఆయన అన్ని టీలు తాగాలి. అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం, ఎప్పుడు కుదిరిందో నాకు తెలియదు. మగ్గం ఆగాక ఆ ఇంట్లో పరుచుకునే నిశ్శబ్దం మెత్తగా ఉండేది. అందులోకి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చుని, పన్నెండు బొమ్మలు చూసి పేర్లు చెప్పి, ఆ తరువాత ఇంట్లో ఏం వండారో, ఎవరు కొట్టారో, మేక ఎక్కడ ఈనిందో నోటికొచ్చినట్టు చెప్పుకుపోయేవాళ్లు.

మొదటి పాప కోడి బొమ్మ చూసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. పిల్ల ఇబ్బంది పడుతోందని, "కోడి! కోడి కదా బుజ్జీ, కోడి అను" అన్నాను. మేడమ్ రికార్డరు ఆపేసింది.

"పద్మా, ఇప్పుడు మాట్లాడింది ఎవురు?"

"నేనే మేడమ్."

"నీ మాట బానే ఉండాది. నిన్ను కొలిచే పని లేదు."

ఆ పాప కిసుక్కున నవ్వింది. తరువాత మేడమ్ నాకు ఒక్కొక్కటే నేర్పింది. పిల్లకు మాట అందించకూడదు. తల ఊపి ప్రోత్సహించవచ్చు కానీ పెదవులు కదిలించకూడదు. బిస్కెట్టు ముందు ఇవ్వకూడదు, నోట్లో బిస్కెట్టు ఉంటే ఎవరి మాటైనా ముద్దే. నగరం నుంచి వచ్చిన కాగితంలో 'చెప్పు' బొమ్మకు ఎదురుగా సరైన మాట అచ్చు వేసి ఉండేది. ఇక్కడి పిల్లలు 'సెప్పు' అంటే తప్పు కింద వేయాలని అందులో ఉంది. ఆమె ఆ గడి కొట్టేసి, "ఈడ వాళ్ల అమ్మ సెప్పే అంటాది, వాళ్ల అవ్వ సెప్పే అంటాది. ఇంటి మాట సెప్తే తప్పెట్ల అయితాది? వాళ్లకు కావాలంటే ఈడికొచ్చి మా అందరికీ తప్పులు ఏసుకోమను" అంది. ఆ కాగితం వెనక్కి పంపింది కూడా. వాళ్లు ఏమన్నారో తెలియదు గానీ మరుసటి సారి కాగితంలో ఆ గడి లేదు.

రికార్డు చేయడం సగం పనే. మిగతా సగం వినడం. ఆ పిల్లను ఎన్నడూ చూడని మనిషికి ఆ గొంతు వినిపించాలి, అతనికి ఏమర్థమైతే అది అతని నోటితోనే చెప్పించి మనం రాసుకోవాలి. నూరు మాటల్లో ఎన్ని అందాయో అదే ఆ పిల్ల లెక్క. తల్లికి అర్థమవుతుంది, టీచరుకు అర్థమవుతుంది, అంగన్‌వాడీ ఆయాకు అర్థమవుతుంది. వాళ్ల చెవులు పనికిరావు. "బిడ్డ బతికేది వాళ్ల మద్దెనే కాదు గదా. రేపు బస్సెక్కాల, అంగట్లో ఉప్పు అడగాల, కొత్త టీచరుకు జవాబు సెప్పాల. మనకు కావాల్సింది పరాయి చెవి" అనేది. అందుకని చేతి సంచిలో రికార్డరు, ఇయర్‌ఫోన్లు, చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని పరాయి చెవుల కోసం తిరిగేది. బస్సుల్లో, టైలరు దగ్గర, పిండి గిర్ని ముందు వరుసలో. చూసేవాళ్లు ఈమె ఏదో అమ్ముకుంటోందనుకునేవాళ్లు.

అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనది శ్రావణమాసంలో ఉరుకుంద. అక్కడి గుడిలో ఈరన్న స్వామి దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో బస్సుల నిండా జనం వస్తారు. ఆదివారం చర్చికి వెళ్లి ముందు వరుసలో కూర్చునే మనిషి, సోమవారం పొద్దున్నే నన్ను లేపి ఉరుకుంద బస్సెక్కించేది. కండక్టరు ఎగతాళి చేస్తే, "నేను దేవుని కోసం రాలేదప్పా, ఆయన దగ్గరికి వచ్చే చెవుల కోసం వచ్చినా" అనేది. ఆ బస్సు ప్రయాణాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. కిటికీ బయట తడిసిన నల్లరేగడి, అప్పుడే మోకాలెత్తు లేచిన పత్తి. లోపల కొబ్బరికాయల సంచులు, విభూతి వాసన, నిద్రపోతున్న ముసలివాళ్లు. మధ్యలో తలగుడ్డ తీసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి బిడ్డో తెలియని బిడ్డ మాటలను కళ్లు మూసుకుని వింటున్న ఒక పెద్దాయన. ఆయన చాలా గంభీరంగా ఉన్నాడు. ఐదారు మాటలు చెప్పాక ఆగిపోయి, సిగ్గుపడి, ఏదో ఊహించి చెప్పబోయాడు.

"తెలియకపోతే తెలియలేదు అని సెప్పండి పెద్దాయనా" అంది మేడమ్.

"అట్ల సెప్తే ఆ బిడ్డకు తక్కువొస్తాది గదమ్మా."

"తక్కువొస్తేనే మేం బాగు సేయగలం. మీరు జాలిపడితే ఆ బిడ్డ అట్లనే ఉండిపోతాది."

ఆయన కాసేపు ఆలోచించి, "తెలియలేదు" అన్నాడు. అంత కష్టంగా ఆ మాట అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. దిగేటప్పుడు మేడమ్‌కు దండం పెట్టి, "ఆ బిడ్డ పేరు సెప్పమ్మా, స్వామి దగ్గర మొక్కుకుంటా" అన్నాడు. పేరు చెప్పకూడదు. ఆమె ఒక్క క్షణం తడబడి, "స్వామికి తెలుసులేప్పా" అని తప్పించుకుంది. క్రీస్తును నమ్మిన మనిషి నోట ఆ మాట విని నేను నవ్వాపుకోలేకపోయాను.

ఆ మొదటి ఏడు ఆ బస్సులో పెద్దాయన విన్న గొంతు ఈరమ్మది. హాలహర్వి దారిలో ఒక పల్లె. తల్లి నరసమ్మ, కూలి చేసుకునే మనిషి. ఉరుకుంద స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. నాలుగేళ్లు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, కానీ మాటల ముందు భాగాలన్నీ ఎక్కడో పడిపోయేవి. నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉండేది. చెవి అప్పుడప్పుడు కారుతుందని, వెచ్చటి నూనె పోస్తే తగ్గుతుందని తల్లి చెప్పింది. ఉరుకుంద బస్సులో ముగ్గురు విన్నారు. ముగ్గురికీ నూటికి ముప్పై మాటలకు మించి అందలేదు.

ఆ పిల్ల నన్ను పట్టుకుంది. వేరే మాట లేదు. నేను ఆ ఊరికి వారానికొకసారి వెళ్తే అంగన్‌వాడీ గుమ్మంలోనే కాచుకుని ఉండేది. ఒళ్లో ఎక్కి కూర్చుని, నా గడ్డం తన వైపు తిప్పుకుని మాట్లాడేది. నేను వినకపోతే రెండు చేతులతో చెంపలు పట్టుకునేది. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఏమంటుందో నాకు సగం తెలిసిపోయేది, రెండు నెలలకు అన్నీ తెలిసిపోయేవి. ఎంత బాగవుతోందో అని సంబరపడ్డాను. నాకు అప్పటికి పిల్లలు లేరు, అందుకే అలా అతుక్కుపోయానని తరువాత మా అత్త అంది. ఉన్నా అతుక్కుపోయేదాన్నే.

కార్తీకంలో రెండో కొలత. అప్పుడు మేడమ్ లేదు, కంటి ఆపరేషన్ చేయించుకుని నంద్యాలలో కూతురి ఇంట్లో ఉంది. పని మొత్తం నా మీద పడింది. ఏడాదికొకసారి మా సంస్థ జీపులో పిల్లలను కర్నూలుకు చెవి పరీక్షకు తీసుకెళ్లేది. ఎనిమిది మందికే చోటు. మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య మాట పెరగనివాళ్లకు ఆ చోటు. శనివారం లోపు జాబితా పంపాలి. ఆ వారమంతా తుపాను వాన. బస్సులు ఖాళీ, బజారు ఖాళీ, గిర్ని మూత. మిగతా పిల్లలకు ఎలాగో తలా ఒక చెవి దొరికింది. ఈరమ్మ గొంతు మిగిలిపోయింది. నేనే విన్నాను. దొంగ లెక్క వేయాలని కాదు. తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కసారే విన్నాను. అర్థమైనదే రాశాను. నూటికి అరవై అయిదు వచ్చింది. ముప్పై నుంచి అరవై అయిదు! ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. జాబితాలోంచి ఈరమ్మ పేరు కొట్టేసి, ఆ చోటు ఇంకొక పిల్లకు ఇచ్చాను.

నరసమ్మకు నేనే వెళ్లి చెప్పాను. కూతురు బాగా మాట్లాడుతోంది, కర్నూలు పోనక్కరలేదు అని. ఆమె మొహం వెలిగింది. ఆ ఊళ్లో సగం మంది అప్పటికే సుగ్గికి మూటలు కట్టుకుంటున్నారు. సుగ్గి అంటే మా వైపు కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు నెలల తరబడి వెళ్లడం. పిల్ల పరీక్ష ఉందని నరసమ్మ ఈసారి ఆగిపోదామనుకుందట. "అట్లైతే మేమూ పోతాం మేడమ్, అందరితో పాటే" అంది. వెళ్లారు. నాలుగు నెలలు ఆ పిల్ల పొలాల గట్ల మీద, గోనెసంచుల గుడిసెలో, మంచులో, మిరప ఘాటులో ఉంది.

ఉగాది ముందర మేడమ్ తిరిగి వచ్చింది. కళ్లద్దాలు మారాయి, మనిషి ఇంకా చిక్కింది. వచ్చిన రోజే రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈరమ్మది ఇనింది ఎవురు?"

"నేనే మేడమ్. వానలు గదా, ఎవురూ దొరకలేదు."

కోప్పడుతుందేమో అని చూశాను, కోప్పడలేదు. చెప్పులు వేసుకుని, "రా" అని ఆదోని బస్టాండుకు నడిచింది. అక్కడ కృష్ణగిరి బస్సు కోసం కూర్చున్న ఒకామె చెవిలో ఇయర్‌ఫోను పెట్టింది. కార్తీకంలో నేను విన్న గొంతే. నేను పక్కనే నిలబడ్డాను. ఆమె వింటోంది. నాకు ఇయర్‌ఫోను లేకపోయినా ఈరమ్మ ఇప్పుడు ఏమంటోందో మనసులో వినిపిస్తూనే ఉంది: ఇప్పుడు మేక గురించి, ఇప్పుడు వాళ్ల అవ్వ గురించి. ఆ ఆడమనిషి నుదురు ముడిపడింది.

"ఏం భాష మేడమ్ ఇది? కన్నడమా?"

మేడమ్ నోట్‌బుక్కులో రాసుకుంది. ఇంకొకరికి వినిపించింది. ఇంకొకరికి. ముగ్గురికీ నూటికి ముప్పైకి అటూ ఇటూ. శ్రావణంలో ఎంత ఉందో కార్తీకంలోనూ అంతే ఉంది. ఒక్క మాట పెరగలేదు. నేను అక్కడి సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరెవరో ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. అవన్నీ చాలా దూరంగా వినిపించాయి.

"పాప నోరు మారలేదు పద్మా, నీ చెవి మారినాది" అంది ఆమె, నా పక్కన కూర్చుంటూ. "ఆ పాపను నువ్వు నేర్చుకుంటివి."

"ఇప్పుడేం చేద్దాం మేడమ్?"

"కర్నూలుకు నేను మాట్లాడతా. వాళ్లమ్మకు నువ్వు సెప్పాల."

మరుసటి రోజు ఆ ఊరికి వెళ్లాం. వాళ్లు సుగ్గి నుంచి వచ్చి వారమైంది. మేడమ్ ఆటోలోనే కూర్చుండిపోయింది. "నేనొస్తే ఆమె నన్ను చూసి మర్యాదకు ఊరుకుంటాది. నువ్వే పో" అంది. నరసమ్మ ఇంటి ముందు కూలి కింద తెచ్చుకున్న మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా, ఘాటుగా. ఈరమ్మ ఎండలోంచి పరిగెత్తుకొచ్చి నా కాళ్లు చుట్టేసింది. ఏదో చెబుతోంది. నాకు అంతా అర్థమైంది: గుంటూరులో రైలు చూసిందట, రైలుకు తలుపులు చాలా ఉన్నాయట. పిల్ల చెవి దగ్గర చెంప మీద చీము ఎండి ఉంది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నేనే విన్నానని, నేనే తప్పు రాశానని, పిల్ల మాట ఏమీ బాగు కాలేదని. నరసమ్మ మిరపకాయలు తిరగేస్తూ వింది. చాలాసేపు చేతులు ఆగలేదు.

"నాకు గూడా అర్థమైతాండ్య మేడమ్" అంది చివరికి. "బాగైనాదనే నేనూ అనుకుంటి."

నాకు కొంచెం ఊరట కలిగింది, అబద్ధమెందుకు. అదే ఆమె నా మొహంలో చూసిందేమో. చేతులు దులుపుకుని లేచి నిలబడింది.

"నేను కన్నదాన్ని. నా బిడ్డ మూగదైనా నాకు అర్థమైతాది. కానోళ్లకు అర్థమైతాదా లేదా సూసేదానికి గదా మీరు మా ఊరికి వచ్చేది? నువ్వు గూడా నా మాదిరే ఇంటే, ఇంగ మీరెందుకు మేడమ్?"

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను నా కాళ్ల దగ్గర నుంచి తీసి చంకనెత్తుకుంది. "ఎప్పుడు పోవాల కర్నూలుకు?" అని మాత్రం అడిగింది. రోజు చెప్పి వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ నన్ను ఓదార్చలేదు. ఇంకొకరైతే పోనీలే అనేవారు. ఆమె దారి పొడుగునా ఖాళీ పొలాలను చూస్తూ కూర్చుంది. సగం దారిలో ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టింది. తన ఒకటో తరగతిలో ఒక పాప ఉండేదట. మాట తెలిసేది కాదు. ఏడాదంతా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందట, ఆ పాప అన్నిటికీ జవాబులు చెప్పేదట, అన్నీ కరెక్టేనట. సంతోషంగా రెండో తరగతికి పంపిందట. "ఆ తరగతి సారుకు ఒక్క ముక్క తెలియలేదు. మొద్దు అని ఎనక బెంచీలో ఏసినాడు. పాప నోరు మూసుకున్నాది. మళ్లా తెరవలేదు. దసరాకు బడి మాన్పిచ్చి పత్తికి తీసకపోయినారు. నేను పక్క గదిలోనే ఉంటి పద్మా. పక్క గదిలోనే." అంతే చెప్పింది. కొత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. పరాయి చెవుల కోసం ఈమె ఎందుకు అంతలా తిరుగుతుందో నాకు అప్పుడు తెలిసింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక అని అందరం అనుకునేవాళ్లం.

కర్నూలులో డాక్టరు ఈరమ్మ రెండు చెవుల్లోనూ చూశాడు. చీము చాలా కాలంగా ఉంది, కుడి చెవి లోపల బాగా పాడైంది, ఎడమది మందులతో, ఆపరేషన్‌తో కొంత నిలబెట్టవచ్చు అన్నాడు. చలికాలం ముందే తెచ్చి ఉంటే కుడి చెవి కూడా మిగిలేదేమో అన్నాడు. ఆ 'ఏమో'ను ఆయన మామూలుగా అని మందుల చీటీ రాసుకుంటూ పోయాడు. నరసమ్మ నా వైపు చూడలేదు. ఆమె వైపు చూడడానికి నాకు మొహం లేదు. ఆ మిగిలేదేమో అనే మాట ఇన్నేళ్లలో అరిగిపోలేదు.

ఆఫీసుకు వచ్చాక రిజిస్టరులో ఆ అరవై అయిదును కొట్టేయబోయాను. మేడమ్ చెయ్యి పట్టుకుంది. "కొట్టేయొద్దు. పక్కన రాయి, ఇనింది ఎవురో, ఆ బిడ్డను ముందు ఎన్ని సార్లు చూసినారో." రాశాను. 'విన్నది: పద్మావతి. ఇంతకు ముందు చూసినది: చాలా సార్లు.' ఆ రోజు నుంచి రిజిస్టరులో ప్రతి లెక్క పక్కనా ఆ గడి వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఆ గడి ఎందుకని అడిగితే మేడమ్ నా పేరు ఎప్పుడూ చెప్పలేదు. నేనే చెప్పేదాన్ని, ఇప్పటికీ నేనే చెబుతాను.

ఈరమ్మకు కుడి చెవికి వినికిడి యంత్రం పెట్టారు, ఎడమ చెవికి ఆపరేషన్ అయింది. మేడమ్ ప్రతి వారం ఆ ఊరికి వెళ్లి ఆ పిల్లతో చాప మీద కూర్చునేది. నన్ను రానిచ్చేది, మాట్లాడనిచ్చేది, విననిచ్చేది. కొలతకు మాత్రం ఉరుకుంద బస్సే. ముప్పై, ముప్పై అయిదు, నలభై రెండు. ఏళ్లు పట్టింది. ఒక్కోసారి తగ్గేది కూడా. తగ్గిన రోజు కూడా ఆమె అదే చేతివ్రాతతో, అంతే జాగ్రత్తగా రాసేది. మూడేళ్ల కిందట ఒక వానాకాలం ఆమె వెళ్లిపోయింది. చర్చిలో ఆమె శవపెట్టెకు ఎదురుగా కూర్చున్నప్పుడు నరసమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపయ్యాక నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

ఈరమ్మ ఇప్పుడు ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. వారానికొకసారి వార్డెన్ ఫోను నుంచి నాకు ఫోన్ చేస్తుంది. పోయిన వారం నేను ఆదోని బస్టాండులో ఉండగా చేసింది. గబగబా, ఆగకుండా, నవ్వుతూ చెప్పుకుపోయింది. నాకు ప్రతి మాటా అర్థమైంది. ఎప్పటిలాగే, మొత్తం విన్నాక "ఒక్క నిమిషం, మళ్లీ సెప్పు" అని, పక్కన కూర్చున్న మనిషికి ఫోను అందించి, "అన్నా, ఈ పాప ఏమంటాందో ఇని సెప్తారా?" అన్నాను. ఎర్ర తువ్వాలు, చేతిలో ఎరువుల సంచి, ఎక్కడి మనిషో. వింతగా చూశాడు గానీ చెవికి పెట్టుకున్నాడు.

"పొద్దున ప్రార్థనలో ఈ పాపే పేపరు సదివిందంట. అందరి ముందర. శనివారం ఇంటికి వస్తాదంట, మిమ్మల్ని బస్టాండుకు రమ్మంటాంది. ఇంగా ఏమో... ఆ, వాళ్లమ్మకు సెప్పొద్దంట, తానే సెప్తాదంట." ఫోను తిరిగి ఇస్తూ, "మీకు ఇనపడలేదా మేడమ్?" అన్నాడు.

"నాకు బాగా ఇనపడిందన్నా. అందుకే మీకిచ్చినాను."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఫోనులో అవతల ఈరమ్మ అప్పటికే అడుగుతోంది, "అక్కా, నూటికి ఎన్ని?" అని. నేను వెంటనే చెప్పను. ఆయన నోట వచ్చిన మాటలను వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, అప్పుడు చెబుతాను.